పొగ కనబడని గంజాయి: మనసు బాగోలేని పిల్లల ఇళ్లలో తెలియవలసిన సంగతులు



పొద్దున పూట పాకాల జంక్షన్‌లో కాసేపు నిలబడితే పుస్తకాల సంచులు భుజాన వేసుకుని ఒకవైపు తిరుపతికి, ఇంకోవైపు చిత్తూరుకు వెళ్లే పిల్లలు కనబడతారు. ఆ సంచుల్లో ఏముందని ప్రతిరోజూ వెతికే తల్లి ఎవరూ ఉండరు, ఉండనక్కర్లేదు కూడా. కానీ ఒకరోజు ఆ సంచిలో లావుపాటి పెన్ను లాంటిది, లేదా పెన్‌డ్రైవ్ లాంటిది దొరికితే అదేమిటో గుర్తుపట్టగలిగేవాళ్లు మనలో ఎంతమంది? బీడీ అయితే వాసన వస్తుంది, సారాయి అయితే నడకలో తెలుస్తుంది. ఈ వస్తువుకు మాత్రం వాసన తక్కువ, బూడిద లేదు, అగ్గిపెట్టె అక్కర్లేదు. దాన్నే వేప్ అంటున్నారు. అందులో గంజాయి నూనె పోసి పీల్చే అలవాటు ప్రపంచమంతా కౌమారుల్లో పాకుతోంది.

ఈ అలవాటు ఏ పిల్లవాడికీ మంచిది కాదు. అయితే ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇప్పటికే దిగులుతో, భయాలతో, డిప్రెషన్‌తో, బైపోలార్ జబ్బుతో బాధపడుతున్న పిల్లల గురించి. వాళ్ల విషయంలో గంజాయి, ఆత్మహత్య ఆలోచనలు ఒకదాని పక్కన ఒకటి కనబడుతున్నాయని వైద్యులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. సంఘ కాపరులు, సండే స్కూలు టీచర్లు, యౌవనస్థుల నాయకులు, తల్లిదండ్రులు తెలుసుకోవలసినంత వరకు విషయాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాము.

వేప్‌లో ఏముంటుంది?

వేప్‌లో ఒక చిన్న బ్యాటరీ, వేడెక్కే తీగ, ద్రవం నింపే గొట్టం ఉంటాయి. ద్రవం వేడెక్కి ఆవిరిలా మారుతుంది, దాన్ని ఊపిరితిత్తుల్లోకి పీలుస్తారు. మామూలుగా అందులో ఉండేది నికోటిన్. నికోటిన్‌కు బదులు గంజాయి నుంచి తీసిన నూనెను నింపితే అది గంజాయి వేప్ అవుతుంది.

గంజాయిలో మత్తు కలిగించే పదార్థం పేరు టీహెచ్‌సీ. ఎండబెట్టిన గంజాయి ఆకులో, పూతలో దాని పాళ్లు తక్కువ. నూనెగా తీసినప్పుడు అదే పదార్థం కొన్నిసార్లు సగానికి మించి ఉంటుంది. అందుకే "ఒక్క దమ్మే కదా" అన్న మాట ఇక్కడ చెల్లదు. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో 17 మంది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు ఒకే మోతాదు గంజాయిని ఒకసారి పొగగా, ఇంకోసారి ఆవిరిగా ఇచ్చి చూశారు. ఆవిరిగా పీల్చినప్పుడు రక్తంలో టీహెచ్‌సీ ఎక్కువగా చేరింది, మత్తూ తడబాటూ ఎక్కువగా కనిపించాయి.

ఇంకో ప్రమాదం, అందులో నిజంగా ఏముందో పీల్చేవాడికే తెలియకపోవడం. ఇంగ్లండ్‌లో బాత్ విశ్వవిద్యాలయం వారు 38 పాఠశాలల్లో పిల్లల దగ్గర పట్టుకున్న వేప్‌లను పరీక్షిస్తే, దాదాపు ప్రతి ఆరింటిలో ఒకదానిలో స్పైస్ అనే కృత్రిమ మత్తుమందు బయటపడింది. గంజాయి అనుకుని దానికంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమైనదాన్ని ఆ పిల్లలు పీలుస్తున్నారన్నమాట. 2019, 2020 సంవత్సరాల్లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు లేదా మరణించారు, మృతులు 68 మంది. వాళ్లలో ఎక్కువమంది వాడినవి టీహెచ్‌సీ ఉన్న వేప్‌లే. నూనెను పలచబరచడానికి కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ ముఖ్య కారణమని తేలింది.

బాధలో ఉన్న మనసు మీద ఏం చేస్తుంది?

మానవ మెదడు దాదాపు 25 ఏళ్ల వయసు వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఆవేశాన్ని ఆపుకోవడం, ముందు వెనకలు ఆలోచించడం వంటి పనులు చేసే ముందు భాగం అన్నిటికంటే ఆలస్యంగా పక్వమవుతుంది. ఆ ఎదుగుదలలో మెదడు సొంతంగా తయారుచేసుకునే కొన్ని రసాయనాలకు పాత్ర ఉంది. టీహెచ్‌సీ సరిగ్గా వాటి స్థానంలోనే వెళ్లి కూర్చుంటుంది.

దిగులుతో ఉన్న పిల్లవాడికి మొదట్లో ఇది మందులాగే అనిపిస్తుంది. ఆ రాత్రికి నిద్ర పడుతుంది, గుండె దడ తగ్గుతుంది. అందుకే అతను దాన్ని వదలడు. కొద్ది వారాలకు అదే మోతాదు చాలదు. పీల్చని రోజున చిరాకు, నిద్రలేమి, ఆకలి తగ్గడం, మరింత దిగులు వస్తాయి. దిగులు పోవడానికి మళ్లీ పీలుస్తాడు. ఈ చక్రంలో పడ్డాక డాక్టరు ఇచ్చిన మందులు మానేయడం, చదువు వెనకబడటం, స్నేహితులు మారడం, డబ్బు కోసం అబద్ధాలు, ఇంట్లో గొడవలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆత్మహత్య ఆలోచనలు ముదరడానికి ఇంతకంటే అనువైన నేల ఉండదు. దీనికి తోడు మత్తులో ఉన్న మనసుకు ఆపుకునే శక్తి తక్కువ. మామూలుగా వచ్చి పోయే ఆలోచన ఆ సమయంలో పనిగా మారే ప్రమాదం ఉంది.

కొందరిలో చెవిలో మాటలు వినబడటం, ఎవరో వెంబడిస్తున్నారన్న అనుమానం మొదలవుతాయి. దీన్ని సైకోసిస్ అంటారు. మన ఊళ్లలో దీన్ని చూసి గాలి సోకిందని, దయ్యం పట్టిందని అనుకోవడం మామూలు. అలా అనుకున్న ప్రతి వారమూ చికిత్స ఒక వారం ఆలస్యమవుతుంది.

పరిశోధనలు ఏం చెప్తున్నాయి?

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 11 అధ్యయనాలను, అంటే 23,317 మంది వివరాలను కలిపి 2019లో ఒక విశ్లేషణ ప్రచురించారు. కౌమారంలో గంజాయి వాడినవాళ్లకు యౌవనంలో డిప్రెషన్ వచ్చే అవకాశం 1.37 రెట్లు, ఆత్మహత్య ఆలోచనలు 1.5 రెట్లు, ఆత్మహత్యాయత్నం దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువగా కనిపించాయి.

మన విషయానికి ఇంకా దగ్గరైనది అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జరిగిన అధ్యయనం. 10 నుంచి 24 ఏళ్ల వయసులో డిప్రెషన్, బైపోలార్ వంటి జబ్బులున్న 2 లక్షల మందికి పైగా పిల్లల, యువకుల వైద్య రికార్డులను అందులో పరిశీలించి 2021లో ప్రచురించారు. వాళ్లలో సుమారు 10 శాతం మందికి గంజాయి వ్యసనం ఉంది. అలాంటివాళ్లలో తమను తాము గాయపరచుకోవడం మూడు రెట్లకు పైగా ఎక్కువ. ఏ కారణం చేతనైనా మరణించే అవకాశమూ ఎక్కువే. అయితే మిగతా కారణాలన్నీ లెక్కలోకి తీసుకున్నాక, ఆత్మహత్య మరణాలకు మాత్రం గంజాయితో స్పష్టమైన సంబంధం ఆ అధ్యయనంలో తేలలేదు. ఇది కూడా చెప్పడం న్యాయం. పిల్లల్ని భయపెట్టడానికి లెక్కలు పెంచి చెప్తే, అవి తప్పని తెలిసిన రోజున వాళ్లు మన మాట దేన్నీ నమ్మరు.

గంజాయి వల్లే దిగులు వస్తుందా, దిగులు వల్ల గంజాయి వైపు వెళ్తున్నారా? రెండూ జరుగుతాయి. పేదరికం, ఇంట్లో హింస, చిన్ననాటి గాయాలు రెండింటికీ మూలం కావచ్చు. కానీ ఇంట్లో ఉన్న పిల్లవాడి విషయంలో ఆ లెక్క తేలేదాకా ఆగనక్కర్లేదు. ఇల్లు అంటుకున్నప్పుడు మొదట నీళ్లు పోస్తాం, నిప్పు ఎక్కడిదో తర్వాత చూస్తాం.

మన దగ్గర పరిస్థితి

మన దేశంలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో మరణించారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ వెలువరించిన సర్వే ప్రకారం 10 నుంచి 17 ఏళ్ల మధ్య గంజాయి వాడుతున్న పిల్లలు సుమారు 20 లక్షలు.

ఆంధ్రప్రదేశ్‌లో గంజాయి సమస్య అనగానే అల్లూరి సీతారామరాజు జిల్లా అడవులు, ఒడిశా సరిహద్దు గుర్తుకొస్తాయి. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో అక్కడ వేలాది ఎకరాల గంజాయి తోటలను నరికించారు. ఆ ప్రాంతం నుంచి ఎండు గంజాయితో పాటు హషీష్ ఆయిల్, అంటే లిక్విడ్ గంజాయి కూడా రవాణా అవుతూ పట్టుబడుతోంది. మూటల కంటే చిన్న సీసాలను దాచడం తేలిక. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం మత్తుపదార్థాల కట్టడికి ఈగల్ అనే ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. గంజాయి అమ్మకాల గురించి 1972 నంబరుకు చెప్పవచ్చు.

మన వైపు పిల్లలు ఇప్పటికీ ఎక్కువగా గంజాయిని సిగరెట్లో, బీడీలో దట్టించే పీలుస్తారు. వేప్ ముందు పెద్ద ఊళ్ల హాస్టళ్లకు వస్తుంది. పాకాల, దామలచెరువు, పీలేరు పిల్లలు చదువుకు వెళ్లేది ఆ ఊళ్లకే. కాబట్టి ఇది పట్నం గొడవ, మన ఊరిది కాదని అనుకోవడానికి వీల్లేదు.

చట్టం ఏం చెప్తోంది?

ఇళ్లలో విషయం దాచిపెట్టడానికి పెద్ద కారణం పోలీసు భయం. అందుకే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి, 2019 చట్టం ప్రకారం మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు, నిల్వ అన్నీ నేరమే. అమ్మినవాడికి మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

రెండు, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి వాడకం కూడా నేరమే. అయితే అదే చట్టంలోని 64ఏ సెక్షన్, వ్యసనానికి లోనైన మనిషి తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చి దాన్ని పూర్తిచేస్తే, వాడకానికి, కొద్ది పరిమాణానికి సంబంధించిన కేసులో విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. 18 ఏళ్లు నిండని పిల్లవాణ్ని పెద్దల జైలుకు పంపరు, అతని విషయం బాలల న్యాయ మండలి చూస్తుంది.

మూడు, పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చినవాడికి 2015 బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

నాలుగు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావిస్తుంది. అతన్ని శిక్షించకూడదు, అతనికి చికిత్స, సంరక్షణ ఇవ్వాలి. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని కూడా ఆ చట్టం చెప్తోంది.

ఏ గుర్తులు చూడాలి?

ఏ ఒక్క గుర్తూ చాలదు, కొన్ని కలిసి కనబడితే ఆలోచించాలి. కళ్లు ఎర్రబడటం, నోరు ఎండటం, వేళకాని వేళ విపరీతమైన ఆకలి, గదిలో ఏదో తియ్యని వాసన, యూఎస్‌బీకి పెట్టి చార్జింగ్ చేసే తెలియని వస్తువు, జిగురుగా ఉండే చిన్న సీసాలు, లెక్క చెప్పని డబ్బు ఖర్చు. ఇవి వాడకానికి గుర్తులు.

ఆత్మహత్య ప్రమాదానికి గుర్తులు వేరు. "నేను లేకపోతే మీకే హాయి" వంటి మాటలు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అందరికీ దూరంగా ఉండటం, ఒంటి మీద గాయాలు దాచుకోవడం, చాలాకాలం దిగులుగా ఉండి ఉన్నట్టుండి ఎందుకో ప్రశాంతంగా మారడం. ఇంతకుముందు ఒకసారి ప్రయత్నించిన పిల్లవాడి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఎలా అడగాలి? మొదటి వారం ఎందుకు ముఖ్యం?

ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది జంకుతారు. అది నిజం కాదు. నేరుగా, నెమ్మదిగా అడిగితే పిల్లవాడి గుండె బరువు తగ్గుతుంది. "నాయనా, ఈ మధ్య నీకు సరిగా నిద్ర పట్టడం లేదని చూస్తున్నా. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా? అనిపించినా చెప్పు, నేను కోప్పడను" అని అమ్మ గానీ నాన్న గానీ అడగవచ్చు. అడిగాక వినాలి. ప్రసంగం మొదలుపెట్టకూడదు.

వేప్ దొరికిన రోజున చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. వస్తువు పగలగొట్టి, నాలుగు తగిలించి, ఫోను లాక్కుని, గదిలో పెట్టి గడియ వేస్తారు. రోజూ గంజాయి వాడే పిల్లవాడు ఉన్నట్టుండి మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, నిద్రలేమి, ఆందోళన, దిగులు మొదలవుతాయి. మొదటి వారంలో అవి తీవ్రంగా ఉంటాయి, రెండు మూడు వారాలు సాగవచ్చు. అప్పటికే డిప్రెషన్ ఉన్న పిల్లవాణ్ని సరిగ్గా ఆ వారంలో అవమానించి ఒంటరిగా వదిలేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మాన్పించాలి, కానీ డాక్టరు తోడుతో, ఇంట్లో ఒకరు పక్కన ఉండి మాన్పించాలి. ఆ రోజుల్లో పొలానికి తెచ్చిన పురుగుమందులు, ఇంట్లోని మాత్రలు పిల్లవాడికి అందకుండా తాళంలో పెట్టాలి, లేదా ఇంటి నుంచి తీసేయాలి. ఇది చిన్న పనే అయినా, ప్రాణాలు కాపాడుతుందని ప్రపంచమంతా రుజువైన పని.

ఎక్కడికి వెళ్లాలి?

టెలీ మానస్ ఫోను సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మత్తు అలవాటు మాన్పించే సలహా కోసం 14446, ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉన్నాయి. ప్రాణాపాయం అనిపిస్తే ఆలోచించకుండా 108కి చేయండి, పిల్లవాణ్ని ఒంటరిగా వదలకండి.

పాకాల నుంచి తిరుపతి సుమారు గంట ప్రయాణం. అక్కడి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రైలెక్కి చిత్తూరు మీదుగా కాట్పాడిలో దిగితే వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఉంది. బాగాయంలోని దాని మానసిక ఆరోగ్య కేంద్రంలో పిల్లలకు, కౌమారులకు ప్రత్యేక విభాగం నడుస్తోంది. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో వ్యసనాల చికిత్సకు ప్రత్యేక కేంద్రం ఉంది. గంజాయి వ్యసనాన్ని మాన్పించే ఒకే ఒక మాత్ర అంటూ లేదు. మాటలతో చేసే చికిత్స, కుటుంబంతో కలిసి చేసే కౌన్సెలింగ్, దానితో పాటు దిగులుకో సైకోసిస్‌కో వాడే మందులు, ఇవే దారి. ఎవరైనా "మూడు రోజుల్లో మాన్పిస్తాం" అని డబ్బు అడిగితే నమ్మకండి. వైద్యులకు వాడకం గురించి దాచకుండా చెప్పండి, లేకపోతే ఇచ్చే మందు తప్పుదారి పట్టవచ్చు.

సంఘం ఏం చేయాలి?

మన ఇళ్లలో ఇలాంటి కష్టం వచ్చినప్పుడు మొదట కబురు వెళ్లేది అయ్యగారికే. అది మంచిదే. కానీ ప్రార్థన చేసి పంపేయడంతో ఆ పని అయిపోదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనరీలు క్షయ ఆసుపత్రి కట్టిన కాలంలో క్షయ అంటే శాపమని, ఇంటికి మచ్చ అని దాచేవాళ్లు. ఆ దాచిన జబ్బును వెలుగులోకి తెచ్చి మంచం, మందు, తిండి ఇచ్చిన చరిత్ర ఈ ప్రాంతపు సంఘాలకు ఉంది. మనసు జబ్బును ఇప్పుడు మనం అలాగే చూడాలి.

బదరీ వృక్షం కింద కూర్చుని చావు కోరుకున్న ఏలీయా సంగతి మన పాఠకులకు తెలిసిందే. దూత వచ్చి అతన్ని గద్దించలేదు. తిండి పెట్టాడు, నీళ్లిచ్చాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి పెట్టాడు. ఆ తర్వాతే ప్రయాణం, ఆ తర్వాతే పని. తోడుగా ఎలీషా కూడా దొరికాడు. దిగులుతో ఉన్న పిల్లవాడికి చేయవలసినది కూడా ఇదే వరుసలో ఉంటుంది.

కాబట్టి కాపరులకు, యౌవనస్థుల నాయకులకు మా మనవి ఇది. పిల్లవాడి పేరు పెట్టి ప్రార్థన మనవుల్లో చదవకండి, సాక్ష్యం చెప్పమని వేదిక ఎక్కించకండి. ఆత్మహత్య ఆలోచన ఉందని చెప్పిన పిల్లవాడికి మాత్రం "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. అతనితోనే కలిసి ఇంట్లో నమ్మదగిన పెద్దకు చెప్పండి. మందులు మానేయడం విశ్వాసానికి గుర్తని ఎవరూ బోధించకుండా చూడండి. ఆసుపత్రికి ఒంటరిగా వెళ్లలేని తల్లికి సంఘంలోంచి ఒకరు తోడు వెళ్లండి, రైలు చార్జీ లేకపోతే అది పెట్టుకోండి. నెల తర్వాత కూడా ఆ ఇంటికి వెళ్లి పలకరించండి, ఎందుకంటే చాలామంది మొదటి వారమే వస్తారు. యౌవనస్థుల కూటంలో ఏడాదికి ఒకసారైనా మానసిక వైద్యుణ్ని పిలిపించి పిల్లల ప్రశ్నలకు సమాధానాలు చెప్పించండి. మందిరం గోడ మీద 14416 నంబరును పెద్ద అక్షరాల్లో రాయించండి.

ఆత్మహత్యతో బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లినప్పుడు తీర్పులు చెప్పకండి. పక్కన కూర్చుంటే చాలు.

సంచిలో దొరికిన ఆ చిన్న వస్తువును చూసి మనం మొదట అడిగే ప్రశ్న "ఎక్కడిది రా ఇది?" అన్నది. అది తర్వాత అడగవచ్చు. ముందు అడగవలసినది "నీకేం కష్టం వచ్చింది నాయనా?" అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన పిల్లవాడు రేపు పొద్దున మళ్లీ పాకాల స్టేషన్‌లో రైలెక్కుతాడు. మేము కోరుకునేది అదే.